సజ్జా కింద, గోడ మూలన, చూరు అంచున: విశాఖ ఇళ్ళకు సీసీ కెమెరాలు బిగించే పద్ధతి

చదునైన గోడ మీద కెమెరా బిగించడం డ్రిల్లు పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేస్తారు. చిక్కంతా సజ్జా అడుగున, రెండు గోడలు కలిసే మూలన, పెంకుటింటి చూరు దగ్గర, పిట్టగోడ మీద వస్తుంది. విశాఖలో ఈ చోట్ల పెట్టిన కెమెరాలు ఎక్కువగా మూడు కారణాలతో పనికిరాకుండా పోతాయి: వైరు వెంట లోపలికి దిగిన నీరు, మరల్ని తినేసిన ఉప్పుగాలి, పక్కనున్న గోడకు తగిలి తిరిగొచ్చిన కెమెరా సొంత వెలుగు. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఈ మూడింటికీ ఒకేలా లొంగుతుంది. అందుకే ఏ కెమెరా కొనాలన్న దానికంటే, అది ఎక్కడ ఎలా నిలబడుతుందో తేల్చుకోవడమే ముందు చేయాల్సిన పని.

రంధ్రం వేసే ముందు రాత్రి ట్రయల్

పగలు చూసి చోటు ఖాయం చేయకండి. ఒక పొడవాటి కర్ర చివర కెమెరాను కట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో కరెంటు ఇచ్చి, చీకటి పడ్డాక అనుకున్న చోట పట్టుకోండి. ఇంకొకరు గేటు దగ్గర నుంచి నడిచి వస్తుంటే ఫోన్‌లో చూడండి. పావుగంట పని. తప్పు చోట నాలుగు రంధ్రాలు వేసి మళ్ళీ పూడ్చుకునే బాధ దీంతో తప్పుతుంది.

ట్రయల్లో మొదట చూడాల్సింది బొమ్మ పైభాగం. సజ్జా అడుగు తెల్లటి పట్టీలా మెరుస్తూ కనిపిస్తే ఆ చోటు పనికిరాదు. రాత్రి కెమెరా తన ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) లైట్లతోనే చూస్తుంది. ఆ వెలుగు దూరం పెరిగేకొద్దీ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న సజ్జా అడుగు మీద పడే వెలుగు, 6 మీటర్ల దూరంలోని గేటు మీద పడే వెలుగుకు దాదాపు 900 రెట్లు. పైగా మన సజ్జాలకు తెల్ల సున్నమో, లేత రంగో వేసి ఉంటుంది. ఆ మెరుపు చూసి కెమెరా మొత్తం బొమ్మనే చీకటి చేసేస్తుంది. గేటు దగ్గర మనిషి నల్లటి నీడగా మిగులుతాడు. కెమెరా బాగోలేదని చాలామంది మార్చేసేది ఈ కారణంతోనే. కొత్తది పెట్టినా అదే బొమ్మ వస్తుంది.

దీనికి లెక్క ఉంది. లెన్సు సజ్జా అడుగుకు 10 సెంటీమీటర్ల కింద, సజ్జా అంచుకు 40 సెంటీమీటర్ల లోపల ఉందనుకోండి. అక్కడి నుంచి చూస్తే అంచు దాదాపు 14 డిగ్రీల పైన ఉంటుంది. 2.8 మి.మీ. లెన్సు (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పుగా చూస్తుంది) నిలువునా సుమారు 55 డిగ్రీలు చూస్తుంది, అంటే మధ్య గీత నుంచి పైకి 27 డిగ్రీలు. కాబట్టి కెమెరాను కనీసం 13 డిగ్రీలు కిందికి వంచితేనే సజ్జా బొమ్మలోంచి బయటికి పోతుంది. 15 నుంచి 20 డిగ్రీలు వంచితే ఇబ్బంది ఉండదు. అంత వంచితే గేటు కనిపించడం లేదంటే, కెమెరాను ఇంకాస్త అంచు వైపు జరపాలి, లేదా లోతైన బాక్సు వేసి కిందికి దించాలి.

ట్రయల్లోనే వీధిలైటు, మలుపు తిరిగే బండ్ల హెడ్‌లైట్లు నేరుగా లెన్సులో పడుతున్నాయేమో చూడండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు తూర్పు ముఖం ఇళ్ళకు ఇంకో పరీక్ష ఉంది. విశాఖలో సూర్యుడు ఏడాది పొడవునా ఒకే చోట ఉదయించడు. జూన్‌లో తూర్పుకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా వస్తాడు. మార్చిలో చూసి ఎండ పడట్లేదనుకుంటే డిసెంబర్‌లో పడుతుంది. సముద్రపు గీత, ఆకాశం బొమ్మలోకి రాకుండా వంచి, సజ్జా నీడలోనే ఉంచండి. డబ్ల్యూడీఆర్ సెట్టింగు (వెలుగు, నీడ రెండూ కనిపించేలా బొమ్మను సర్దేది) కొంత సాయం చేస్తుంది కానీ ఎదురెండను పూర్తిగా గెలవలేదు.

ఎత్తు, లెన్సు

ముఖం గుర్తుపట్టాలంటే కెమెరా నేల నుంచి 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తులో ఉండాలి. 3 మీటర్ల ఎత్తున ఉన్న కెమెరా, 4 మీటర్ల దూరంలోని మనిషి ముఖాన్ని సుమారు 19 డిగ్రీల వాలులో చూస్తుంది, అది మంచి కోణం. అదే మనిషి 2 మీటర్లకు వస్తే వాలు 35 డిగ్రీలవుతుంది. అప్పుడు టోపీ, నుదురు తప్ప ఏమీ కనపడదు. ఈ కారణంగానే గుమ్మం పైన ఉన్న సజ్జాకు పెట్టిన కెమెరా గుమ్మం ముందు నిలబడ్డవాడి నడినెత్తిని చూపిస్తుంది. గుమ్మానికి పక్కగా 3, 4 మీటర్ల దూరంలో, వచ్చేవాడి దారికి ఎదురుగా ఉండే చోటు వెతకండి.

ముఖం తెలియని మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 250 పిక్సెళ్ళు ఉండాలన్నది నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం. 4 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్ళు. దాన్ని 250తో భాగిస్తే 10 మీటర్ల వెడల్పు వస్తుంది. 2.8 మి.మీ. లెన్సుతో ఆ వెడల్పు సుమారు 4.3 మీటర్ల దూరంలోనే నిండిపోతుంది. 4 మి.మీ. లెన్సయితే 6 మీటర్ల దాకా వస్తుంది. గేటు 6 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి అందరూ కొనే 2.8 లెన్సు తగినది కాదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల ఇంటి పక్క సన్నటి సందులకైతే 6 మి.మీ. ఇంకా మేలు. దాంతోపాటు కెమెరాను నిలువుగా తిప్పి, సాఫ్ట్‌వేర్‌లో 90 డిగ్రీల రొటేషన్ పెట్టండి. సందు పొడవునా బొమ్మ నిండుతుంది, రెండు పక్కల గోడలు వృథాగా కనపడవు.

ఆకారం విషయంలో మా సలహా సూటిగా చెబుతాం. సజ్జా కింద, మూలల్లో టర్రెట్ కెమెరా (ముందు బుడగ లేకుండా, గిన్నెలో తిరిగే బంతిలా ఉండేది) వాడండి. డోమ్ కెమెరాకు ముందుండే పారదర్శకమైన బుడగ మీద ఉప్పు తేమ పేరుకుంటే ఐఆర్ వెలుగు దానిలోనే చెల్లాచెదురై బొమ్మ పాలిపోతుంది. బుల్లెట్ కెమెరా పొడవుగా ఉంటుంది కాబట్టి గోడకు దగ్గరగా మలచడం కష్టం, పైగా పిట్టలు దాని మీద వాలుతాయి.

ఒక్కో కెమెరాకు కావలసిన సామాను

టర్రెట్ కెమెరా, ఐపీ66 లేదా ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడవని చెప్పే గుర్తు) ఉన్నది. దానికి సరిపడే లోతైన బేస్ బాక్సు, దొరక్కపోతే 4×4 పీవీసీ బాక్సు. 6 మి.మీ. నైలాన్ ప్లగ్గులు 4, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు 8 నంబరువి 4: నేరుగా కాంక్రీటులోకైతే 40 మి.మీ., ప్లాస్టరింగ్ ఉన్న ఇటుక గోడకైతే 50 మి.మీ. పొడవు. నైలాన్ వాషర్లు 4. 20 మి.మీ. పీవీసీ పైపు, దానికి మీటరుకు రెండు క్లాంపులు. ఆరుబయట వాడే క్యాట్‌6 కేబుల్, స్వచ్ఛమైన రాగిది. గ్లాండు (కేబుల్ దూరే చోట నీటిని ఆపే బిగింపు), సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుని ఒకే పొరయ్యే రబ్బరు టేపు) ఒక చుట్ట, న్యూట్రల్ సిలికాన్ ఒక ట్యూబు. పనిముట్లలో హామర్ డ్రిల్లు, 6 మి.మీ. కాంక్రీటు బిట్టు, గోడ దాటించడానికి 16 మి.మీ. పొడవు బిట్టు, టెస్టరు, కళ్ళద్దాలు.

కెమెరా డబ్బాలో వచ్చే స్క్రూలను పక్కన పెట్టేయండి. అవి చాలావరకు జింకు పూత ఇనుపవి. సముద్రానికి దగ్గరి ఇళ్ళలో పూత త్వరగా పోయి, తుప్పు నీళ్ళు గోడ మీద ఎర్రటి చారలుగా కారతాయి. ఆ తర్వాత తల విరిగి స్క్రూ రాదు. 304 రకం స్టెయిన్‌లెస్ ఊళ్ళో చాలాచోట్ల సరిపోతుంది. బీచ్‌కు ఎదురుగా ఉన్న ఇంటికి మాత్రం 316 వాడండి, అది ఉప్పును ఎక్కువకాలం తట్టుకుంటుంది. నైలాన్ వాషరు ఎందుకంటే, స్టీలు స్క్రూ అల్యూమినియం బ్రాకెట్‌ను నేరుగా తాకితే ఉప్పు తేమలో అల్యూమినియం తెల్లటి పొడిగా కొరుక్కుపోతుంది.

సజ్జా కింద బిగించడం

సజ్జా గోడలోంచి బయటికి వేలాడే స్లాబు. అందులో బరువు మోసే ఇనుప చువ్వలు పైభాగాన ఉంటాయి, కింద కాదు. అందుకే రంధ్రం ఎప్పుడూ కింది నుంచే వేయాలి, అదీ 45 మి.మీ. లోతు దాటకుండా. పైనుంచి వేస్తే చువ్వకు దెబ్బ తగులుతుంది, నీటికి దారి పడుతుంది, కొన్నేళ్ళకు సజ్జా పెచ్చులూడుతుంది.

1. సుత్తి పిడితో సజ్జా అడుగును మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టి శబ్దం రావాలి. డొల్లగా మోగితే, తుప్పు మరకో పగులో కనపడితే అక్కడ వేయకండి. విశాఖ పాత ఇళ్ళలో ఉప్పు వల్ల చువ్వ తుప్పు పట్టి, ఉబ్బి, కింది కాంక్రీటును నెట్టేసి ఉంటుంది. అలాంటి సజ్జాకు డ్రిల్లు పెడితే పెచ్చు మీ ముఖం మీదే పడుతుంది. గోడకే బిగించి, చేయి బ్రాకెట్‌తో ముందుకు తెచ్చుకోండి.

2. సజ్జా అంచుకు ఒకటి రెండు అంగుళాలు లోపల, కింది వైపు సన్నటి గాడి ఉంటుంది. పైనుంచి అంచు మీదుగా వచ్చిన వాన నీరు లోపలికి పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కిందికి రాలుతుంది. కెమెరా బాక్సు ఎప్పుడూ గాడికి గోడ వైపు ఉండాలి, దాని అంచుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో. గాడి మీద బాక్సు పెడితే ఆ నీరంతా బాక్సు మీదుగా నడుస్తుంది. స్లాబు అంచుకు మరీ దగ్గరగా వేసిన ప్లగ్గు అంచునే పగలగొడుతుంది కూడా.

3. పోర్టికో లైటు పాయింటుకు వెళ్ళే కరెంటు పైపు స్లాబు లోపలే పోసి ఉంటుంది. అది లైటు నుంచి గోడలోకి ఏ దారిన పోయి ఉంటుందో ఊహించి, ఆ గీతకు జానెడు దూరం వదలండి. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే మొదలుపెట్టండి. డ్రిల్లుకు పక్క వాటా నుంచి కరెంటు తెచ్చుకోండి.

4. బిట్టుకు 45 మి.మీ. దగ్గర టేపు చుట్టండి. కాగితం కప్పు అడుగుకు రంధ్రం చేసి బిట్టుకు తొడిగితే పొడి కళ్ళలో పడదు. మొదటి అర సెంటీమీటరు హామర్ లేకుండా తిప్పండి, లేకపోతే ప్లాస్టరింగ్ పెచ్చుగా లేస్తుంది. తర్వాత హామర్ వేయండి. చువ్వ తగిలి బిట్టు ఆగితే బలవంతం చేయకండి. రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరగండి.

5. రంధ్రంలో పొడి ఊది, ప్లగ్గును ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటులోకి పూర్తిగా దింపండి. తలకిందులుగా వేలాడే కెమెరాకు ఇదే ప్రాణం. ప్లగ్గు సగం ప్లాస్టరింగ్‌లో ఉంటే మొదటి రోజు గట్టిగానే అనిపిస్తుంది. ఎండకు వానకు ప్లాస్టరింగ్ వదులయ్యాక ఒకేసారి ఊడి వస్తుంది.

6. 4×4 బాక్సు వాడుతుంటే నాలుగు స్క్రూలూ బాక్సు వెనక భాగం గుండా కాంక్రీటులోకి పోవాలి. కెమెరాను మూతకు బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లోకి స్క్రూ కొట్టి వదిలేయకండి. మూతకు ఆరపార రంధ్రం చేసి 4 మి.మీ. బోల్టు, నట్టు, వెనక వాషరు పెట్టండి. మూత బరువంతా నాలుగు చిన్న ప్లాస్టిక్ కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి అర కిలో మించిన లోహపు కెమెరాకు ఈ బాక్సు వద్దు, కంపెనీ లోహపు బేస్ తీసుకోండి.

7. స్క్రూలు నాలుగూ సగం సగం బిగించి, తర్వాత ఎదురెదురుగా పూర్తిగా బిగించండి. కింద రబ్బరు గాస్కెట్ నలగకూడదు. ఆఖరున రాత్రి ట్రయల్లో చూసిన కోణానికి కెమెరా తిప్పి, బిగింపు మర వేయండి.

మూలలు: బయటిది వేరు, లోపలిది వేరు

ఇంటి బయటి మూలకు ఎల్ ఆకారపు కార్నర్ బ్రాకెట్ పెట్టి, ఒక్క కెమెరాతో రెండు పక్కలా చూద్దామనుకుంటారు. బయటి మూల దగ్గర 270 డిగ్రీలు తెరిచి ఉంటుంది, 2.8 లెన్సు చూసేది 100 నుంచి 110. కెమెరా ఎదురుగా ఆవరణను చూస్తుంది కానీ, రెండు గోడల వెంట ఎవరైనా ఆనుకుని నడిస్తే దానికి తెలియదు. కిటికీ దగ్గరికి వచ్చేవాడు గోడ వెంటే వస్తాడు. రెండు టర్రెట్లు పెట్టి ఒక్కోదాన్ని ఒక్కో గోడ వెంట చూపించడం, లేదా ఎదురు మూల నుంచి ఈ మూలను చూపించడం సరైన పద్ధతి. ఎదురు మూలది ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు ఒక కెమెరా మరో కెమెరాకు కాపలా అవుతుంది.

బయటి మూలలో బిగింపుకు ఒక ప్రమాదం. ఇటుక మూలకు దగ్గరగా హామర్ వేస్తే ఇటుక చీలి, ప్లాస్టరింగ్ అంచు పలకలా ఊడుతుంది. మూల నుంచి కనీసం 8 సెంటీమీటర్లు వదిలి, హామర్ లేకుండా నెమ్మదిగా తిప్పండి. కాంక్రీటు పిల్లరు మూలయితే కొంత నయం, కానీ నిలువు చువ్వలు సరిగ్గా మూలలోనే ఉంటాయి.

లోపలి మూల, అంటే రెండు గోడలు 90 డిగ్రీల్లో కలిసే చోటు, కెమెరాకు అనువుగా కనిపిస్తుంది. అక్కడ 2.8 లెన్సు పెడితే బొమ్మకు రెండు పక్కలా గోడలు పడి ఐఆర్ మెరుస్తుంది. 4 మి.మీ. లెన్సు సుమారు 80 డిగ్రీలే చూస్తుంది కనుక 90 డిగ్రీల మూలకు అతికినట్టు సరిపోతుంది. ఉన్న కెమెరా 2.8 అయితే చేయి బ్రాకెట్‌తో మూల నుంచి 25, 30 సెంటీమీటర్లు ముందుకు తీసుకురండి.

గోడ దేనితో కట్టిందో కూడా తెలుసుకోవాలి. ఎర్ర ఇటుక, ఫ్లై యాష్ ఇటుక మామూలు ప్లగ్గును గట్టిగా పట్టుకుంటాయి, బయటి ప్లాస్టరింగ్ 20 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి స్క్రూ 50 మి.మీ. ఉండాలి. మధురవాడ, ఎండాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకులు కనిపిస్తాయి. రంధ్రంలోంచి తెల్లటి మెత్తటి పొడి వస్తే అదే. దానికి హామర్ అసలు వాడకండి, ఆ బ్లాకుల కోసమే వచ్చే పొడవు ప్లగ్గు వేయండి. ఎలివేషన్ రాయి లేదా టైల్స్ ఉన్న గోడకు ముందు టైల్ బిట్టుతో పై పొర దాటి, తర్వాతే హామర్‌కు మారండి.

పెంకుటింటి చూరు, రేకుల షెడ్డు, ఫాల్స్ సీలింగు

వన్‌టౌన్‌లో, భీమిలిలో ఇంకా పెంకుటిళ్ళు ఉన్నాయి. చూరు దగ్గర కెమెరాను పెంకుకు గానీ, పెంకుల కింది సన్నటి చెక్క పట్టీలకు గానీ బిగించకూడదు. వాసం పక్క భాగానికి బిగించాలి. తాటి వాసమైతే పైపొర ఇనుములా గట్టిగా, లోపల పీచులా మెత్తగా ఉంటుంది. 3 మి.మీ. బిట్టుతో ముందు దారి వేయకుండా స్క్రూ తిప్పితే చీలుతుంది. కొస నుంచి 10 సెంటీమీటర్లు లోపల, పైపొరలోనే పట్టేలా రెండు స్క్రూలు వేయండి. వాసం వాలుగా ఉంటుంది కాబట్టి, వాలుకు తగినట్టు చెక్కను ఏటవాలుగా కోసి మధ్యలో పెడితే కెమెరా నిటారుగా నిలుస్తుంది. చెదలు ఉన్న వాసాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే తెలుస్తుంది. మొన లోపలికి దిగిపోతే ఆ వాసం వద్దు.

రేకుకు నేరుగా బిగించిన కెమెరా గాలికి రేకుతో పాటు ఊగుతుంది. బొమ్మ వణుకుతుంది, ఫోన్‌కు రాత్రంతా అలర్టులు వస్తాయి. రేకు కింది ఇనుప పైపుకు యూ బోల్టుతోనో, స్టీలు హోస్ క్లాంపుతోనో, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి బిగించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వాటికి డ్రిల్లు వేస్తే వచ్చే పొడి ఊపిరితిత్తులకు హాని, కాబట్టి వేయనే వద్దు.

పోర్టికో పీవీసీ ఫాల్స్ సీలింగు కెమెరా బరువు మోయదు, కొద్దిరోజులకు పొట్టలా దిగుతుంది. షీటు పైన 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కను రెండు ఫ్రేములకు కలిపి బిగించి, కెమెరా స్క్రూలు దానిలోకి పోనివ్వండి.

పిట్టగోడ, తుపాను

మేడ పిట్టగోడ నుంచి కెమెరా పెడితే ఆవరణ మొత్తం కనిపిస్తుంది, ముఖం కనపడదు. మొత్తం చూపుకు ఒకటి పెట్టుకోండి, గుర్తుపట్టడానికి దాని మీద ఆధారపడకండి. పిట్టగోడ పై గచ్చుకు నిలువుగా రంధ్రం వేస్తే నీరు నేరుగా గోడలోకి దిగుతుంది. లోపలి పక్కకు బిగించి, వంపు చేయి బ్రాకెట్‌తో బయటికి తీయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. 10×20 సెంటీమీటర్ల కెమెరాకు అది 3 కిలోలు మాత్రమే. కానీ ఆ 3 కిలోలు 30 సెంటీమీటర్ల చేయి చివర పడితే, 8 సెంటీమీటర్ల ప్లేటు పై స్క్రూల మీద 11 కిలోలకు పైగా లాగుడవుతుంది, అదీ గంటల తరబడి కుదుపులతో. చేయి ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. చేయి బ్రాకెట్‌కు మాత్రం నైలాన్ ప్లగ్గులు వద్దు, 6 లేదా 8 మి.మీ. స్టీలు యాంకర్ బోల్టులు వేయండి. వాటికి ఇటుక కంటే కాంక్రీటు బీము, పిల్లరు నమ్మకమైనవి.

వైరు దారి, నీటి దారి

గోడ దాటించే రంధ్రం బయటి వైపుకు వాలి ఉండాలి. లోపలి నుంచి వేసేటప్పుడు డ్రిల్లును కాస్త పైకెత్తి పట్టుకుంటే బయటి కొస కిందికి వస్తుంది. అడ్డంగా వేసినా, లోపలికి వాలినా ఈశాన్య రుతుపవనాల జల్లు వైరు వెంట హాల్లోకి వస్తుంది. కనెక్టరుతో సహా దూర్చాలంటే 16 మి.మీ. రంధ్రం కావాలి. కేబుల్ ముందు దూర్చి తర్వాత కనెక్టరు కొట్టగలిగితే 10 మి.మీ. చాలు, చిన్న రంధ్రమే మంచిది.

బాక్సులోకి వెళ్ళే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి, పైకి తీసుకురండి. నీటి చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది. బాక్సుకు రంధ్రం అడుగున గానీ పక్కన గానీ ఉండాలి, పైన ఎప్పుడూ కాదు. గోడ మీద బాక్సుకు సిలికాన్ పైన, రెండు పక్కలా వేసి కింద వేలెడంత వదలండి. ఈ ఊళ్ళో లోపల తేమ పట్టక మానదు, అది బయటికి పోవడానికి దారి కావాలి. నాలుగు పక్కలా మూసిన బాక్సులో నీరు నిలిచి ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది.

కనెక్టరును బాక్సు లోపలే ఉంచండి, కెమెరాతో వచ్చిన గ్లాండు, రబ్బరు రింగు తప్పక తొడగండి. వాటిని పారేస్తే ఉప్పు తేమ చేరి, పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకు కరెంటు పంపే పద్ధతి) వోల్టేజి వల్ల కనెక్టరు పిన్నులు పచ్చటి చిలుము పట్టి తినేసుకుపోతాయి. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కారుతుంది. సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపును రెండింతలు సాగదీసి, సగం సగం కప్పుతూ కింది నుంచి పైకి చుట్టండి.

క్యాట్‌6 కేబుల్ ఒక్క ముక్కలో 100 మీటర్లు మించకూడదు. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవకగా దొరుకుతుంది. చాకుతో తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అదే. పీవోఈకి అది వద్దు. మామూలు పీవోఈ స్విచ్చి పోర్టుకు 15.4 వాట్లు పంపితే కెమెరాకు 12.95 వాట్లు చేరతాయన్నది రాగి తీగ లెక్క.

డీవీఆర్ (పాత రకం రికార్డింగ్ పెట్టె), త్రీ ప్లస్ వన్ కేబుల్ (బొమ్మకు ఒక తీగ, కరెంటు వగైరాలకు మూడు సన్న తీగలు ఉండేది) ఉన్న ఇళ్ళలో పగలంతా బాగుండి, రాత్రి పదే పదే ఆగి వెలిగే కెమెరా సంగతి ఇది. ఆ కేబుల్‌లో కరెంటు తీగలు చాలా సన్నవి. 0.2 చదరపు మి.మీ. రాగి తీగ 40 మీటర్లు పోయి తిరిగొస్తే దాదాపు 7 ఓములు. ఐఆర్ లైట్లు వెలిగి అర ఆంపియరు లాగితే మూడున్నర వోల్టులు దారిలోనే పోతాయి, 12 వోల్టులు ఎనిమిదిన్నరకు పడతాయి. కెమెరా ఆగుతుంది, ఐఆర్ ఆరిపోగానే వోల్టేజి తిరిగొస్తుంది, మళ్ళీ మొదలు. కెమెరా మార్చకండి. రాత్రి కెమెరా కొస దగ్గర మల్టీమీటరుతో చూసి, తక్కువగా ఉంటే ఒక చదరపు మి.మీ. కరెంటు వైరు విడిగా లాగండి.

మేడ మీది కెమెరాలకు పిడుగు భయం ఉంది. స్విచ్చి దగ్గర పీవోఈ సర్జ్ ప్రొటెక్టరు పెట్టి ఎర్తింగుకు కలపండి. ఎర్త్ లేని ప్రొటెక్టరు పనిచేయదు.

నిచ్చెన, పొరుగువాళ్ళు, తర్వాతి చూపు

నిచ్చెన 4 మీటర్ల ఎత్తుకు ఆనితే కాళ్ళు గోడకు 1 మీటరు దూరంలో ఉండాలి. ఇరుకు వీధుల్లో కరెంటు తీగలు మేడకు చేరువగా పోతుంటాయి, అక్కడ అల్యూమినియం నిచ్చెన తీయకండి. ఈపీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) స్తంభానికి కెమెరా కట్టకూడదు.

ట్రయల్లోనే పొరుగింటి కిటికీ, స్నానాల గది వెంటిలేటరు, బట్టలు ఆరేసుకునే మేడ కనిపిస్తే కోణం మార్చండి. మారకపోతే ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగాన్ని నల్లగా మూసి, పొరుగువాళ్ళకు ఫోన్‌లో చూపించండి. ఏకాంతంలో ఉన్న స్త్రీని చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

బీచ్ దగ్గరి ఇళ్ళలో నెలకోసారి మంచినీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో కెమెరాను, బ్రాకెట్‌ను తుడవండి. పొడి గుడ్డతో లెన్సు గాజును రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ఐఆర్ వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్ళు వస్తాయి. రాత్రి బొమ్మలో తెల్లటి దారాలు ఊగుతుంటే అవే, పొడుగు కర్రకు కట్టిన బ్రష్‌తో దులిపితే పోతాయి. సెప్టెంబరు ఆఖర్లో, తుపాన్ల కాలానికి ముందు, ప్రతి స్క్రూనూ ఒకసారి బిగించి చూడండి, బాక్సు మూత తెరిచి లోపల తేమ ఉందేమో చూడండి, కెమెరాకు తగిలేంత దూరంలో ఉన్న కొబ్బరి మట్టలు, వదులు రేకులు తీయించండి.